డాబా మీద సిమెంటు రేకులు: ఎప్పుడు వదిలెయ్యాలి, ఎలా బాగుచెయ్యాలి, ఎలా దింపాలి

విశాఖలో ఏ పాత డాబా ఎక్కి చుట్టూ చూసినా బూడిద రంగు రేకులు కనబడతాయి. నీళ్ళ ట్యాంకు పక్కన బట్టలారేసుకునే షెడ్డు, అద్దెకిచ్చిన పై గది, వెనకాల వంటపాక. కంచరపాలెం, మల్కాపురం లాంటి చోట్ల చాలా ఇళ్ళకి మొత్తం కప్పే అది. సిమెంటు రేకులని అంటాం గానీ వాటిలో సుమారు పదో వంతు ఆస్బెస్టాస్ పీచు ఉంటుంది. సిమెంటులో బిగిసి ఉన్నంతకాలం ఆ పీచు ఎక్కడికీ పోదు. రేకుని కోసినా, గీకినా, పొడిగా విరగ్గొట్టినా కంటికి ఆనని నూగు గాలిలోకి లేస్తుంది. గాలి కదలని గదిలో గంటల తరబడి తేలుతూనే ఉంటుంది. ఊపిరితిత్తుల లోతుకి వెళ్ళిన నూగులో పొడుగు పోగులను శరీరం కరిగించలేదు, బయటికి నెట్టలేదు. ఊపిరితిత్తులు గట్టిపడటం, ఊపిరితిత్తుల క్యాన్సరు, వాటి పైపొరకి వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సరు - ఇవి బయటపడటానికి 20 నుంచి 40 ఏళ్ళు పట్టవచ్చు. అందుకే రేకు కోసిన రోజున ఎవరికీ ఏమీ అనిపించదు.

మన దేశంలో ఆస్బెస్టాస్ తవ్వకాలు ఆగిపోయాయి. ఒకప్పుడు కడప జిల్లా పులివెందుల వైపు కూడా తవ్వేవారు. దిగుమతి చేసుకున్న తెల్ల ఆస్బెస్టాస్‌తో రేకులు చెయ్యడం, అమ్మడం మాత్రం ఇప్పటికీ చట్టబద్ధమే. కాబట్టి 'మావి మొన్న కొన్న రేకులే' అనుకుని ధీమాగా ఉండటానికి లేదు. తెల్లదైతే ఫరవాలేదని దుకాణంలో చెప్పినా నమ్మకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సరు పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ అన్ని రకాల ఆస్బెస్టాస్‌నీ మనుషుల్లో క్యాన్సరు కలిగించేవాటి జాబితాలోనే పెట్టింది.

అలాగని రేపే అన్నీ పీకించెయ్యమని మేం చెప్పం. గట్టిగా, పగుళ్ళు లేకుండా ఉన్న రేకుని ముట్టుకోకుండా వదిలెయ్యడమే చాలా ఇళ్ళకి సరైన పని. తొందరపడి, జాగ్రత్త తెలియని మనుషులతో తీయిస్తే, ముప్పై ఏళ్ళు కదలకుండా ఉన్న పీచుని ఒక్క పూటలో ఇల్లంతా చల్లుకున్నట్టవుతుంది.

ముందు అది ఏ రేకో తేల్చుకోండి

అయస్కాంతం అంటుకుంటే ఇనుప రేకు. కొడితే ఖంగుమని మోగితే, అంటుకోకపోయినా, అల్యూమినియం. వెలుతురు లోపలికి వస్తే ఫైబరు లేదా ప్లాస్టిక్ రేకు. వీటిలో ఏదీ కాకుండా, 6 మిల్లీమీటర్ల మందంతో, మసక బూడిద రంగులో, కొడితే మట్టి కుండలా మొద్దుగా మోగితే అది సిమెంటు రేకు.

సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ లేనివి కూడా కొన్నేళ్ళుగా వస్తున్నాయి. రేకు మీద ముద్ర మిగిలి ఉంటే చూడండి. ఐఎస్ 459 అని ఉంటే ఆస్బెస్టాస్ రేకు, ఐఎస్ 14871 అని ఉంటే ఆస్బెస్టాస్ లేని పీచు రేకు. పదేళ్ళ ఎండావానలకి ముద్ర చెరిగిపోతుంది. అప్పుడు కంటితో చూసి ఎవరూ చెప్పలేరు, ఎంత అనుభవమున్న మేస్త్రీ అయినా సరే. ల్యాబులకి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ ఆమోదం ఉన్న ల్యాబుల్లో ఈ పరీక్ష చేసేవి ఉంటాయి. కానీ పది రేకుల షెడ్డుకి అంత తతంగం అక్కర్లేదు. ముద్ర లేని బూడిద రేకు ప్రతిదీ ఆస్బెస్టాసే అనుకుని పనిచెయ్యండి. పరీక్షకని మీరే ముక్క విరిచి తీసుకెళ్ళే పని మాత్రం పెట్టుకోకండి.

రేకుతో పాటు మరికొన్ని చూసుకోవాలి. డాబా మీది వాననీళ్ళు దింపే లావుపాటి బూడిద గొట్టాలు, మరుగుదొడ్డి సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టం, పాత సిమెంటు నీళ్ళ తొట్టెలు, పాత ఆఫీసు గదుల్లో ఫాల్స్ సీలింగుకి వేసిన చదును షీట్లు - ఇవన్నీ ఈ కుటుంబమే. ఇంట్లో ఎవరైనా షిప్‌యార్డులోనో బాయిలరు దగ్గరో పనిచేసి ఉంటే, వేడికి తట్టుకునే తెల్లటి తాడు, గుడ్డ అటకెక్కి ఉండొచ్చు. అది రేకుకన్నా ప్రమాదకరం. సిమెంటు పట్టు లేని పీచు కాబట్టి దులిపితే చాలు, లేచిపోతుంది. కదపకుండా తడిపి, రెండు సంచుల్లో వేసి మూతికట్టండి.

కింద నుంచే పరిస్థితి చూడండి

రేకు మీదకి ఎక్కి చూడకండి. పక్క డాబా మీద నుంచి ఫోను కెమెరా జూమ్ చేసి ఫొటోలు తీస్తే చాలు. మూడు చోట్ల చూడాలి.

మొదటిది బోల్టుల చుట్టూ. సముద్రపు ఉప్పు గాలికి, రేకుని పట్టి ఉంచే జె-బోల్టు (కొస జె అక్షరంలా వంగినది) తుప్పుపట్టి ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకి రంధ్రం దగ్గర నక్షత్రంలా సన్నని పగుళ్ళు వస్తాయి. బీచికి దగ్గరున్న వాల్తేరు వైపు ఇళ్ళలో మొదట పోయేది రేకు కాదు, బోల్టే. వాషరు ఎండి విరిగాక బోల్టు వదులై, గాలి వీచినప్పుడల్లా రేకు టపటపలాడుతుంది. ఒక రేకు అంచు ఇంకో రేకు మీద రాసుకుని ఆ కాస్త జాగాలో పొడి రాలుతుంది. షెడ్డు లోపల రేకులు ఒకదానిమీద ఒకటి ఎక్కే గీతకి సరిగ్గా కింద, నేల మీద సన్నని బూడిద చార కనిపిస్తే కారణం ఇదే.

రెండోది చూరు అంచు. చూరు దగ్గర రేకు కొస కొత్తలో నున్నగా ఉంటుంది. సిమెంటు అరిగాక ఆ కొసన తెల్లటి నూగు, పాత దుప్పటి అంచు చీకినట్టు, పైకి తేలుతుంది. ఏటవాలు ఎండలో చూస్తే బాగా తెలుస్తుంది. అంతదూరం వచ్చిన రేకుకి రంగు వేసినా ఎక్కువ కాలం ఆగదు, తీయించే ఆలోచన మొదలుపెట్టాలి. మూడోది చూరు కింద నేల, వాననీటి గాడి. ఏళ్ళ తరబడి రేకు మీద నుంచి కొట్టుకొచ్చిన పొడి అంతా అక్కడే పేరుకుంటుంది. గాడిలో మన్ను తీసేటప్పుడు ముందు బాగా తడిపి, తడిగానే చేతి తాపీతో ఎత్తి సంచిలో వేసుకోండి. ఎండిన మన్నుని చీపురుతో ఊడ్చకండి.

గట్టిగా ఉంటే వదిలెయ్యండి, ఏడాదికోసారి ఇలాగే చూసుకోండి. ఒకటి రెండు బోల్టులో, చిన్న పగుళ్ళో అయితే బాగుచేసుకోండి. మూడోవంతు రేకులు పగిలినా, అంచులు నూగెక్కినా దింపించండి.

రేకు కింద కాపురంలో చెయ్యకూడనివి

రేకుకి రంధ్రం వెయ్యనివ్వకండి. డిష్ బిగించేవాళ్ళు, ఇంటర్నెట్ తీగ లాగేవాళ్ళు, ఫ్యాను హుక్కు పెట్టే ఎలక్ట్రీషియను - అందరికీ సులువు దారి డ్రిల్లే. తీగని గోడలోంచి తెమ్మనండి, హుక్కుని రేకు కింది ఇనుప యాంగిల్‌కి క్లాంపుతో బిగించమనండి. గ్రైండరు మిషనుతో కోత అయితే అసలు ఒప్పుకోవద్దు. ఇంటి పనులన్నిటిలోకీ ఎక్కువ నూగు లేపేది అదే. చుట్టూ పొగలా కమ్మేదాంట్లో చాలావరకు సిమెంటే అనుకున్నా, మిగతాది వద్దనుకునే సరుకే.

ప్రెషరు వాషరు కూడా వద్దు. పాచి పోయి రేకు తళతళలాడుతుంది నిజమే, కానీ పాచితో పాటు పై సిమెంటు పొర కూడా లేచిపోతుంది. ఆ బురద గోడల మీద చింది, ఎండి, మళ్ళీ దుమ్మవుతుంది. ఇనుప బ్రష్షుకీ ఇదే వర్తిస్తుంది.

ఎండు మిరపకాయలు, వడియాలు, ఎండుచేపలు రేకు మీద పరిచే అలవాటు మానుకోండి. చాప వేసినా సరే, అవి పెట్టడానికీ తియ్యడానికీ రేకు ఎక్కవలసి వస్తుంది. రేకుల మీది వాననీళ్ళు మొక్కలకీ కడుగుళ్ళకీ వాడుకోండి, తాగడానికి పట్టకండి.

ఇంటి పక్క కొబ్బరిచెట్టు ఉంటే ముదురు కాయలు, ఎండు మట్టలు రేకు మీద పడకముందే దింపించండి. ఈ ఊళ్ళో రేకు పగలడానికి తుఫాను తరవాత పెద్ద కారణం అదే. అక్టోబరు రాకముందే ఈ పని అయిపోవాలి. రేకుల పక్కన చెత్త తగలబెట్టకండి. మంట తగిలితే రేకులో చిక్కిన తేమ ఆవిరై, రేకు టపాకాయల్లా పేలి ముక్కలు దూరంగా ఎగురుతాయి.

కారుతుంటే

వాన కారే చోట్లలో ఎక్కువ భాగం బోల్టు దగ్గరే. రేకు మార్చనక్కర్లేదు. కింద నుంచి పరంజా వేసుకుని, పాత బోల్టు చుట్టూ తడిపి, నట్టుకి తుప్పు వదిలించే నూనె పోసి గంట ఆగండి. తిరిగితే మంచిది. తిరగకపోతే బోల్టు కాడని రేకుకి కింద, యాంగిల్ దగ్గర హ్యాక్సాతో కొయ్యండి, రంపం రేకుకి తగలకుండా. పాత రంధ్రంలోనే కొత్త 8 మిల్లీమీటర్ల గాల్వనైజ్డ్ జె-బోల్టు దూర్చి, పైన ముందు తారు వాషరు, దాని మీద ఇనుప వాషరు, ఆపైన నట్టు. వాషరు కాస్త నొక్కుకునేంత వరకే బిగించండి. మనవాళ్ళ చెయ్యి ఇక్కడే పొరబడుతుంది. పానా పట్టు దొరికింది కదా అని బిగదీస్తే అప్పటికప్పుడు ఏమీ కాదు. మే నెల ఎండకి రేకు సాగే చోటు లేక, జూన్ తొలి వానకి బోల్టు దగ్గర పగులుతో కనబడుతుంది.

బోల్టులు రేకు ఎత్తు మీదే ఉండాలి. ఎవరైనా పల్లంలో వేసి ఉంటే ఆ రంధ్రాన్ని బ్యూటైల్ టేపుతో మూసెయ్యండి, ఇంకో రంధ్రం వెయ్యకండి.

జానెడు లోపు సన్న పగులుకి: సబ్బునీళ్ళలో తడిపిన గుడ్డతో మెల్లగా తుడవండి, రుద్దకండి. బాగా ఆరనివ్వండి. పగులుకి రెండు పక్కలా 2 అంగుళాల చొప్పున యాక్రిలిక్ వాటర్‌ప్రూఫ్ పూత పూసి, తడిగా ఉండగానే ఫైబరు మెష్ పట్టీ అద్ది, మర్నాడు మరో పూత వెయ్యండి. తుడిచిన గుడ్డని ఉతకొద్దు, సంచిలో కట్టెయ్యండి. జానెడు దాటిన పగులు, లేదా ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పోయిన పగులు ఉంటే ఆ రేకు ఇక బరువు ఆపదు.

రంగు వేయించాలనుకుంటే

వేసవిలో రేకుల మీద తెల్లరంగు కొడితే ఇల్లు చల్లబడుతుంది, పైపొర అరగడమూ తగ్గుతుంది. రెండు విధాలా లాభమే. ప్రమాదమల్లా రంగుకి ముందు చేసే శుభ్రంలో ఉంది.

10 లీటర్ల నీటిలో 100 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి, తేరిన నీటిని మందు కొట్టే చేతి స్ప్రేయరుతో పాచి మీద చల్లండి. 20 నిమిషాల తరవాత తోటపైపుతో మెల్లగా కడగండి. పాచి పూర్తిగా పోవాలంటే వారం తరవాత మరోసారి చెయ్యాలి. తులసి కోటా, పెరటి మొక్కలూ కప్పుకోండి. బాత్రూము కడిగే యాసిడ్ దీనితో కలిపితే విషవాయువు వస్తుంది, ఆ సీసా డాబా మీదకే తేవద్దు. కడిగిన నీరు గెడ్డలోకి పోకుండా ఒక మూలకి మళ్ళించి, పేరుకున్న మన్నుని తడిగానే ఎత్తండి.

రెండు ఎండలు ఆరనిచ్చి, క్షారాన్ని తట్టుకునే ప్రైమరు ఒక పూత, బయట వాడే యాక్రిలిక్ రెండు పూతలు. అలల వల్ల రేకు అసలు వైశాల్యం కనిపించేదాని కంటే దాదాపు ఆరోవంతు ఎక్కువ. 120 చదరపు అడుగుల షెడ్డుకి 140 లెక్కన రంగు కొనండి. పొడుగు కర్రకి కట్టిన రోలరుతో పక్కనున్న పరంజా మీద నుంచి పూయండి. సాండు పేపరు తగలకూడదు. ఉట్టి సున్నం వేస్తే ఒక వేసవి గడుస్తుంది గానీ మళ్ళీ వేసవికి పొరలు లేస్తుంది, అప్పుడెవరో ఒకరు గీకుతారు. అందుకే మాకు సున్నం నచ్చదు. షెడ్డు లోపలివైపు కూడా ఒక పూత వేస్తే మంచిది. వానా ఎండా తగలవు కాబట్టి అది ఏళ్ళ తరబడి ఆగుతుంది.

దింపవలసి వస్తే

అయిదారు రేకులు దాటినా, ఎత్తు పది అడుగులు దాటినా మీరు చేసే పని కాదు. రేకుల మేస్త్రీనే పిలవండి, కానీ కింద చెప్పిన పద్ధతిలో చెయ్యడానికి ఒప్పుకున్నాకే. పక్కన నిలబడి చేయించాల్సింది మీరే.

నూగు కన్నా ముందు పడిపోవడం గురించి ఆలోచించాలి. జబ్బు ముప్పై ఏళ్ళ తరవాతి మాట, రేకు విరిగి కింద పడటం ఈ పూట మాట. పాత రేకు మనిషి బరువు ఆపదు. ముందు ఏ చప్పుడూ లేకుండా ఒక్కసారిగా విరుగుతుంది. బోల్టుల వరస మీద అడుగేస్తే ఏమీ కాదని అంటారు. ఆ వరస కింద యాంగిల్ ఉండే మాట నిజమే గానీ, తడి రేకు మీద కాలు జారితే వరస గుర్తుండదు. వీలైతే కింద నుంచి పరంజా మీద నిలబడి తియ్యాలి. పైకి ఎక్కక తప్పకపోతే 9 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల మందం, మూడు యాంగిళ్ళ మీద ఆనేంత పొడవున్న చెక్క పలకలు వేసి, వాటి మీద నుంచే నడవాలి. నడుముకి బెల్టు, దాని తాడు గట్టి పిల్లరుకి. రేకుకి తాడు కడితే లాభం లేదు.

ఉప్పు గాలి ఊళ్ళో పని వేళ కూడా ముఖ్యమే. పగలు పెరిగే కొద్దీ సముద్రం నుంచి గాలి జోరందుకుంటుంది. పొద్దున 6 గంటలకి మొదలుపెట్టి 9 లోపు రేకులు నేల మీద ఉండేటట్టు చూసుకోండి. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలలు అనువైనవి. వాన రోజున తడపడం కలిసొస్తుందని మొదలుపెట్టకండి, జారుడు.

ముందు రోజే ఇవి సిద్ధం చేసుకోవాలి. 200 మైక్రాన్ల మందం పాలిథిన్ షీటు, షెడ్డు నేలంతా పరిచి చుట్టూ 6 అడుగులు మిగిలేంత, రేకులు చుట్టడానికి ఇంకా దానికి రెట్టింపు. బ్రౌను టేపు కాదు, వెడల్పాటి డక్ట్ టేపు. 8 లీటర్ల చేతి స్ప్రేయరు, పురుగుమందు తగలని కొత్తది. 10 లీటర్ల నీటికి రెండు పెద్ద చెంచాల గిన్నెలు తోమే లిక్విడు, ఇది కలిస్తే నీరు రేకు మీద జారిపోకుండా ఇంకుతుంది. ఒక్కో రేకుకి రెండు వైపులా కలిపి 2 లీటర్లు లెక్క వేసుకోండి. బోల్టు కట్టరు, హ్యాక్సా, పానాలు. మనిషికొక ఎఫ్‌ఎఫ్‌పీ3 మాస్కు, లేదా పీ100 ఫిల్టర్లున్న రబ్బరు మాస్కు. మొహానికి చుట్టుకున్న తువ్వాలు, సర్జికల్ మాస్కు ఈ నూగుని ఆపవు. గడ్డం ఉంటే మంచి మాస్కు కూడా అంచుల్లోంచి గాలి లాగుతుంది, ఆ రోజుకి గీయించుకోమనండి. తలతో సహా ఒళ్ళంతా కప్పే, వాడిపారేసే సూటు (కవరాలు), చేతి తొడుగులు, లేసులు లేని బూట్లు.

షెడ్డులో సామానంతా బయటికి తెచ్చెయ్యండి. నుయ్యి, నీళ్ళ ట్యాంకు మూతలు టేపుతో మూసెయ్యండి. ఆరేసిన బట్టలు తీయండి. పక్కింటి వాళ్ళకి ముందు రోజే చెప్పి ఆ మూడు గంటలూ కిటికీలు వేసుకోమనండి. చిన్నపిల్లల్ని, వీలైతే ఇంట్లో వాళ్ళందర్నీ, చుట్టాల ఇంటికి పంపండి.

ఇక వరస:

1. రేకు పైభాగం తడపండి, పది నిమిషాలు ఆగండి, మళ్ళీ తడపండి. ధారగా కాదు, సన్నని తుంపరగా. తుంపర దుమ్ముని అణిచిపెడుతుంది, ధార చిందిస్తుంది.

2. కొప్పు రేకుతో మొదలుపెట్టండి. కప్పేటప్పుడు చివర వేసింది దింపేటప్పుడు మొదట రావాలి. ఈ వరస తప్పితే పై రేకు కింద ఇరుక్కున్నదాన్ని లాగవలసి వస్తుంది. అంచులు విరిగేది అప్పుడే.

3. బోల్టు నట్టు తిరగకపోతే బోల్టు కట్టరుతో కత్తిరించండి. సుత్తితో కొట్టి ఊడదీసే అలవాటు చాలామందికి ఉంటుంది. కొట్టిన ప్రతి దెబ్బకీ రంధ్రం చుట్టూ రేకు పెళ్ళలు రాలుతాయి. గ్యాసు కట్టింగు పెడతామన్నా వద్దనండి, వేడికి రేకు పేలుతుంది.

4. రేకుని జార్చకుండా నిలువుగా పైకెత్తి తియ్యండి. 10 అడుగుల రేకు సుమారు 40 కిలోలు, తడిస్తే ఇంకొంచెం ఎక్కువ. పైన ఇద్దరు, కింద ఇద్దరు ఉండాలి. పైకి తీసిన వెంటనే అడుగు భాగం, బోల్టు రంధ్రాలు తడపండి.

5. చేతికందించి దింపండి. నేలకి విసరడం, ఇసక గుట్ట మీద జార్చడం రెండూ ఒకటే.

6. నేల మీద పరిచిన పాలిథిన్ మీద, అడుగున రెండు చెక్క దుంగలు పెట్టి పేర్చండి. పది రేకులకి మించి ఒక కట్ట చెయ్యకండి. తడిగా ఉండగానే రెండు పొరల పాలిథిన్ చుట్టి కొసలు టేపు వెయ్యండి. పైన పెద్ద అక్షరాలతో 'ఆస్బెస్టాస్, విరగ్గొట్టవద్దు' అని రాయండి.

7. యాంగిళ్ళ మీద, గోడల పైన మిగిలిన పొడిని తడిగుడ్డతో తుడవండి. ఒక్కో గుడ్డ ఒక్కసారే. చీపురు, ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనరు తేవద్దు. వాక్యూము నూగుని ఒక పక్క పీల్చి ఇంకో పక్క ఊదుతుంది.

8. నేల మీది పాలిథిన్‌ని తడిపి, నాలుగు కొసలూ లోపలికి మడిచి, గుడ్డలూ పెళ్ళలూ అందులోనే ఉండగా చుట్టి సంచిలో వెయ్యండి. తరవాత కవరాలు తడిపి, లోపలివైపు బయటికి తిరిగేలా చుట్టుకుంటూ విప్పి సంచిలో వెయ్యండి. మాస్కు అన్నిటికన్నా చివర తియ్యాలి. తల మీద నుంచి స్నానం.

పనివాళ్ళ బట్టలు ఎవరింటికీ తీసుకెళ్ళనివ్వకండి. భర్త పనిబట్టలు దులిపి ఉతికిన ఆడవాళ్ళకి మీసోథీలియోమా వచ్చిన కేసులు వైద్యశాస్త్రంలో ఎన్నో నమోదయ్యాయి. కవరాలు లేకుండా పాత ప్యాంటు చొక్కాలతో చేయించారంటే, ఆ జత బట్టలు మీరే కొనిచ్చి సాయంత్రం మీ సంచిలోనే కట్టెయ్యండి. కూలి మాట్లాడుకునేటప్పుడే దీని ఖర్చు, మాస్కుల ఖర్చు విడిగా కలుపుకోండి. లేకపోతే మేస్త్రీ మొదట మిగుల్చుకునేది మాస్కుల డబ్బే.

తుఫాను వెళ్ళిన మర్నాడు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన తరవాత ఊరంతా రేకుల ముక్కలే. రోడ్లు తెరవాలన్న తొందరలో వాటిని పొడిగానే ఊడ్చి, మట్టితో కలిపి ఎత్తిపోసేవాళ్ళు. మళ్ళీ అలాంటి రోజు వస్తే మీ గుమ్మం ముందు వరకైనా ఇలా చెయ్యండి. ముక్కలు తడిగా ఉన్న మొదటి రోజే ఎత్తెయ్యండి, వాన మీకు సగం పని చేసిపెట్టి ఉంటుంది. కరెంటు తీగలు తెగి లేవని చూసుకున్నాకే దిగండి. మాస్కు, తొడుగులు వేసుకుని పెద్ద ముక్కలు చేత్తో, చిన్నవి పారతో మెల్లగా ఎత్తి మందపాటి సంచుల్లో సగానికి మించకుండా వెయ్యండి. అంచులు సంచిని చీలుస్తాయి, కాబట్టి దాన్ని ఇంకో సంచిలో పెట్టండి. వీధిలో తొక్కుడు పడి పొడైన చోట తడిమట్టితో సహా వేలెడు లోతు గీరి తియ్యండి. సగం విరిగి వేలాడే రేకుని కింద నుంచి కర్రతో పొడవకండి.

తీసిన రేకులు ఎక్కడికి

ఇదే చిక్కు ప్రశ్న. గెడ్డలో పారేసినా, ఖాళీ స్థలంలో పోసినా, పల్లం పూడ్చడానికి ఎవరికైనా ఇచ్చినా కుదరదు. ముక్కలు మళ్ళీ తొక్కుళ్ళు పడి, ఎండి, పిల్లలు ఆడే చోట తేలతాయి. కట్టడాల రద్దుతో కలిపి ఇవ్వడం ఇంకా తప్పు. ఆ రద్దుని మర పట్టి పిండి చేస్తారు, అందులో మీ రేకూ పిండే.

జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) వార్డు సచివాలయంలో శానిటేషన్ కార్యదర్శికి, ఎన్ని రేకులు, చుట్టి ఉంచామా లేదా అనే వివరంతో రాతపూర్వకంగా అడగండి. పరవాడ ఫార్మాసిటీ దగ్గర ప్రమాదకర వ్యర్థాలు పూడ్చే కేంద్రం ఉంది. అది పరిశ్రమల కోసం నడిచేది కాబట్టి ఇళ్ళ నుంచి, అందులోనూ కొద్ది సరుకు, తీసుకుంటారో లేదో ముందే తెలుసుకున్నాక బండి మాట్లాడుకోండి. వీధిలో నలుగురిళ్ళ రేకులు కలిపితే మాట చెల్లే అవకాశం ఎక్కువ. కాలుష్య నియంత్రణ మండలి విశాఖ కార్యాలయాన్ని అడిగినా దారి చెబుతారు. జవాబు వచ్చేదాకా చుట్టిన కట్ట పెరట్లో ఒక మూల, ఎండా వానా తగలకుండా ఉండనివ్వండి. కట్టి ఉన్న కట్ట ఏడాది ఉన్నా నష్టం లేదు.

బండి విషయంలో ఒక లెక్క. 20 అడుగుల పొడవు షెడ్డుకి 10 అడుగుల రేకులు 6 పడతాయి, 240 కిలోలు. చిన్న ట్రాలీ ఆటో ఆ బరువు మోస్తుంది గానీ 10 అడుగుల పొడవు పట్టదు. అప్పుడు డ్రైవరు 'మధ్యకి విరిచేద్దాం' అంటాడు. మీరు పడ్డ శ్రమంతా ఆ ఒక్క మాటతో పోతుంది. ముందే పొడుగు బండి మాట్లాడండి.

పాత సామాన్ల వాళ్ళు కొంటామని వస్తారు. అమ్మితే అవి ఏ కోళ్ళ గూటికో కొలతకి కోస్తారు. మీ ఇంటి పని అయిపోతుంది, నూగు ఇంకొకరి ఇంటికి పోతుంది.

ఇప్పటికే కోసేశాం, పీల్చేశాం అంటే

ఎప్పుడో ఒకసారి రేకు కోస్తుంటే పక్కన నిలబడ్డందుకు భయపడి ఎక్స్‌రేలు తీయించనక్కర్లేదు. ఈ జబ్బులు ఎక్కువగా పీల్చిన మొత్తాన్ని, ఎన్నేళ్ళు పీల్చారన్నదాన్ని బట్టి వస్తాయి. ఏళ్ళ తరబడి రేకులు కోసిన మేస్త్రీలు, షిప్‌యార్డు, బాయిలరు పనివాళ్ళు మాత్రం ఆయాసం, వదలని పొడిదగ్గు మొదలైతే ఊపిరితిత్తుల డాక్టరుకి తమ పని చరిత్ర తామే చెప్పాలి, అడిగేదాకా ఆగకూడదు. ఆస్బెస్టాస్ పీల్చినవాళ్ళు పొగ తాగితే ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు కలిసి రెట్టింపులుగా పెరుగుతుంది. వాళ్ళకి డాక్టరు చెప్పగలిగిన అన్నిటికన్నా పెద్ద మందు బీడీ మానడమే.

దాని స్థానంలో ఏం వెయ్యాలి

ఐఎస్ 14871 ముద్ర ఉన్న పీచు రేకు అవే యాంగిళ్ళ మీద, అదే దూరంలో సరిపోతుంది, వాన చప్పుడు తక్కువ. రంగు పూసిన ఇనుప రేకు తేలిక, కానీ సముద్రం దగ్గర తక్కువ పూత రకం కొంటే నాలుగైదేళ్ళకే కోసిన అంచుల దగ్గర తుప్పెక్కుతుంది. మందం 0.5 మిల్లీమీటర్లకి తగ్గకుండా, జింకు-అల్యూమినియం పూత ఉన్నది అడగండి. తేలిక కాబట్టే గాలికి ఎగిరే భయం దీనికి ఎక్కువ. చూరు వైపూ కొప్పు వైపూ రెండు వరసల స్క్రూలు దగ్గర దగ్గరగా, రబ్బరు వాషర్లతో వేయించండి. వేడి ఆపడానికి కింద ఫోము షీటు అంటించినది దొరుకుతుంది.

కొత్త ఇనుప రేకులకి స్క్రూలు వేశాక మిగిలే ఇనుప రజను అదే సాయంత్రం తీయించండి. రాత్రి మంచుకి తడిసి తెల్లారేసరికి రేకంతా ఎర్రటి తుప్పు చుక్కలు పెడుతుంది. దానికి మెత్తటి చీపురు వాడుకోవచ్చు.